ఊపిరి గీత

2018 ఆగస్టు. కాల్వలకు నీళ్లొదిలారు. దివిసీమలో నాట్లు ముమ్మరంగా పడుతున్నాయి. ఏ అరుగు మీద నలుగురు చేరినా ఒకటే మాట... ‘ఇవాళ ఎవర్ని కరిచింది?’ అవనిగడ్డ ఆసుపత్రికి పాము కరిచినవాళ్లు ఒకరి వెనక ఒకరు వస్తుంటే జనం హడలిపోయారు. చివరికి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో ప్రభుత్వం తరఫునే సర్పయాగం జరిగింది. ఆ వార్త చదివి కొందరు నవ్వారు. కొందరు దణ్ణం పెట్టుకున్నారు.

నవ్వడం తేలికే. చీకట్లో మోకాలి లోతు నీళ్లలో మడవ కట్టడానికి వెళ్లేవాడికి కాలికింద మెత్తగా తగిలింది మట్టో మరొకటో తెలియదు. వాడు సుబ్బారాయుణ్ని తలుచుకోక ఇంకెవర్ని తలుచుకుంటాడు?

పాముకాటు వల్ల మనదేశంలో 2000 నుంచి 2019 దాకా 12 లక్షల మంది చనిపోయి ఉంటారని 2020లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58 వేల మంది. అందులో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. 2030 నాటికి ఈ చావుల్ని సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఓ ప్రణాళిక ప్రకటించింది. దాని గురించి మాట్లాడేటప్పుడు అందరూ విరుగుడు మందు గురించే మాట్లాడతారు. అది ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. కానీ కృష్ణా డెల్టాలో తిరిగే ఒక పాము విషయంలో ఆ మందు ఒక్కటే చాలదు. ఆ మనిషి ప్రాణం చిటికెన వేలంత లావు ప్లాస్టిక్ గొట్టం మీద ఆధారపడుతుంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ గొట్టం వేసిన తర్వాత ‘ఇది ఉండాల్సిన చోటే ఉందా?’ అని ఎవరో ఒకరు అడగడం మీద ఆధారపడుతుంది.

ఆ పాము కట్లపాము.

కూల్ డ్రింకు తాగితే తగ్గుతుందని...

నాగుపాము కరిస్తే వాపూ మంటా ఉంటాయి. రక్తపింజర అయితే చెప్పనే అక్కర్లేదు. కట్లపాము అలా కాదు. రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. చీమ కుట్టినట్టు కూడా ఉండదు. గాటు వెతికినా కనిపించకపోవచ్చు.

పెదపారుపూడిలో ఓ కౌలురైతు ఉన్నాడనుకుందాం. కోత మిషనుతో కోయించి, ధాన్యం రోడ్డు వార ఆరబోశాడు. మబ్బు పడితే కప్పాలి, పశువులు వస్తే అదిలించాలి. రాత్రి రాశి పక్కనే పట్టా పరుచుకుని పడుకున్నాడు. ధాన్యం కోసం ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. మూడింటికి మెలకువ వచ్చింది, కడుపులో ఒకటే నొప్పి. ఇంటికెళ్లి భార్యను లేపాడు.

“ఏమేవ్, కడుపులో మెలిపెడుతోంది. రాత్రి కూర పడలేదేమో.”

“గ్యాసయి ఉంటుందండీ. ఉండండి” అంటూ ఆవిడ ఫ్రిజ్ లో పిల్లల కోసం దాచిన కూల్ డ్రింకు సీసా తీసిచ్చింది. ఊళ్లో కడుపునొప్పికి మొదటి వైద్యం అదే. ఆయన సగం సీసా గటగటా తాగాడు. (ఈ సీసాను కాస్త గుర్తుపెట్టుకోండి, దీంతో పని ఉంది.)

తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయి. నిద్ర చాల్లేదేమో అనుకున్నారు. కాసేపటికి మాట ముద్దగా వస్తోంది. ఉమ్మి మింగలేకపోతున్నాడు. మెడ నిలబడటంలేదు. ‘పక్షవాతమేమో’ అన్నాడు పక్కింటాయన. 108కి ఫోన్ చేశారు. గుడివాడలో ఆసుపత్రికి చేరేసరికి ఛాతీ కదలిక కంటికి ఆనడంలేదు.

కట్లపాము విషం చేసే పని ఇది. మెదడు నుంచి వచ్చిన కబురు నరం చివరన కండకు అందాలి. ఆ అందించే చోటునే విషం పాడుచేస్తుంది. రెప్పలు, నాలుక, మెడ... చివరికి ఊపిరి ఆడించే కండరాలు. విరుగుడు సూది రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు. నరాల చివర అప్పటికే జరిగిన నష్టాన్ని మాత్రం వెనక్కి తేలేదు. అది దానంతటదే మానాలి. రెండు రోజులు పట్టొచ్చు, వారం దాటొచ్చు. అప్పటిదాకా ఎవరో ఆయన బదులు ఊపిరి తీయాలి. అంతే. గుండె బాగుంది, మెదడు బాగుంది, కిడ్నీలు బాగున్నాయి. ఊపిరి ఒక్కటి అందిస్తూ ఉంటే చాలావరకు పూర్తిగా మామూలు మనిషై ఇంటికెళ్తాడు. ఐసీయూలో ఇంత ఆశ ఉన్న జబ్బులు ఎక్కువ ఉండవు. కాబట్టే గొట్టం దగ్గర పొరపాటు జరిగి ఇలాంటి మనిషి పోతే ఆ చావుకు సాకు చెప్పుకోవడం కష్టం.

రెండు దారుల దగ్గర

గొంతులో రెండు దారులున్నాయి. ముందున్నది ఊపిరితిత్తులకు, వెనకున్నది కడుపుకు. రెండింటి ముఖద్వారాలూ పక్కపక్కనే. అన్నం తినేటప్పుడు మనకే అప్పుడప్పుడూ పొలమారుతుంది కదా!

మత్తు డాక్టరు లైటున్న లోహపు సాధనంతో నాలుకను పైకెత్తి, స్వరతంత్రుల మధ్యనుంచి గొట్టం పోవడం చూస్తూ వేస్తారు. స్పష్టంగా కనిపిస్తే అంతకు మించింది లేదు. ఆపరేషన్ థియేటర్లో రోగి పరగడుపున ఉంటాడు, తొందర ఉండదు. అర్ధరాత్రి అత్యవసర విభాగంలో పరిస్థితి వేరు. నోటినిండా చొంగ. పురుగుమందు తాగినవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ, డెల్టా ఆసుపత్రులకు ఆ కేసులూ కొత్త కాదు. మెడ పొట్టిగా ఉండొచ్చు, పళ్లు అడ్డం రావొచ్చు. ఒక్క క్షణం కనిపించి మాయమైన దారిలోకి గొట్టం తోస్తారు. లోపలికి వెళ్లింది. ఎందులోకి?

ఇది చెయ్యి తిరగనివాళ్లకే జరుగుతుందనుకుంటే తప్పు. 2018-19లో 29 దేశాల్లో 197 ఆసుపత్రుల్లో, పరిస్థితి విషమించిన 2,964 మందికి గొట్టం వేసిన తీరును పరిశీలించారు. నూటికి 5.6 మందికి అది ముందుగా అన్నవాహికలోకే వెళ్లింది. అంటే సుమారు పద్దెనిమిది మందిలో ఒకరికి. వెంటనే గమనించి తీసి మళ్లీ వేస్తే చాలామందికి ముప్పు తప్పుతుంది. వెళ్లడం తప్పు కాదు. గమనించకపోవడమే ప్రాణాంతకం.

గమనించడం ఎలా? స్టెతస్కోపు పెట్టి వింటారు. ముందు కడుపు మీద, తర్వాత ఛాతీకి రెండువైపులా. దశాబ్దాలుగా అందరూ నేర్చుకున్న పద్ధతి ఇదే. కానీ గాలి కడుపులోకి పోతున్నా ఆ చప్పుడు ఛాతీ దాకా పాకి, ఊపిరి చప్పుడులాగే వినిపించగలదు. చుట్టూ కేకలు, మానిటర్ల కూతలు, ఏడుపులు. చెవి తను వినాలనుకున్నదే వింటుంది.

పోనీ, గొట్టం లోపల ఆవిరి పడుతోందా చూస్తే? కడుపులోంచి వచ్చే గాలి కూడా వెచ్చగా, తడిగానే ఉంటుంది. అద్దం మీద ఊదితే పట్టినట్టే ఆవిరి పడుతుంది. ఛాతీ లేస్తోందా? కడుపు ఉబ్బితే పక్కటెముకలూ లేస్తాయి. వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ అంకె? కొవిడ్ రోజుల్లో ఇంటింటికీ పరిచయమైన ఆ క్లిప్పు మంచిదే, కానీ చాలా నిదానం. గొట్టం వేసేముందు నిండుగా ఆక్సిజన్ పట్టిస్తారు కాబట్టి, గాలి పూర్తిగా కడుపులోకి పోతున్నా ఆ అంకె కొన్ని నిమిషాలు తొంభై పైనే కూర్చుంటుంది. అది పడిపోవడం మొదలయ్యాక మెదడుకు మిగిలే సమయం ఎంతో కాదు. ఎక్స్-రే తీయిస్తే? సినిమా వచ్చేసరికి కథ ముగుస్తుంది. పైగా ముందునుంచి తీసిన ఎక్స్-రేలో రెండు నాళాలూ ఒకదాని మీద ఒకటి పడి ఏది ఏదో తేలదు. ఎక్స్-రే చెప్పేది గొట్టం ఎంత లోతుకు పోయిందో. ఏ దారిలో పోయిందో చెప్పడానికి అది నమ్మదగ్గ సాక్షి కాదు.

ఇక మిగిలింది ఒకటి. ఊపిరితిత్తుల్లో మాత్రమే అదే పనిగా తయారై బయటికొచ్చేదేదో దాన్ని పట్టుకోవడం.

బొగ్గుపులుసు వాయువు చెప్పే నిజం

బతికున్న ఒంట్లో ప్రతి కణమూ కార్బన్ డై ఆక్సైడ్ ను తయారుచేస్తుంది. రక్తం దాన్ని ఊపిరితిత్తులకు మోసుకొస్తుంది. బయటికొదిలే ప్రతి ఊపిరిలోనూ అది ఉంటుంది. చివరి భాగంలో మామూలుగా 35 నుంచి 45 మిల్లీమీటర్ల పాదరసం పీడనంతో. గొట్టం కొసన దీన్ని కొలిచే చిన్న పరికరం పెడితే ఒక్కో ఊపిరికి తెరమీద గీత లేచి, గట్టులా నిలబడి, దిగుతుంది. వరిచేలో గట్లు వరసగా గీసినట్టుంటుంది. గొట్టం కడుపులో ఉంటే గీత నేలమీద పాకుతూ పోతుంది. దీని పేరు క్యాప్నోగ్రఫీ. గ్రీకులో ‘క్యాప్నోస్’ అంటే పొగ. ఒంట్లోని పొయ్యి వెలుగుతోందా అని పొగగొట్టం దగ్గర చూడటమే ఇది.

పొగ అంటే గుర్తొచ్చింది. భూమి వేడెక్కుతోందని ఇవాళ మనం తిట్టిపోసే వాయువూ, రోగి బతికున్నాడని చెప్పే వాయువూ ఒకటే. దాన్ని కొలిచే సూత్రం కూడా ఒకటే. 1859లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త లండన్ లో, కొన్ని వాయువులు కంటికి కనిపించని వేడి కిరణాలను పీల్చుకుంటాయని చూపించాడు. వాతావరణ శాస్త్రం అక్కణ్నుంచి ఒక దారి పట్టింది. వైద్యం మరో దారి. 1943లో కార్ల్ లుఫ్ట్ అనే జర్మన్ ఆ సూత్రంతో పనిచేసే యంత్రాన్ని వివరించాడు. 1975లో స్మాల్ హౌట్, కలెండా అనే ఇద్దరు డచ్చి వైద్యులు ఏ గీతకు ఏమర్థమో చూపే పెద్ద పుస్తకమే వేశారు. 1986లో అమెరికాలోని హార్వర్డ్ ఆసుపత్రులు మత్తిచ్చేటప్పుడు రోగిని ఎలా కనిపెట్టి ఉండాలో నియమాలు ప్రకటించాక ఇలాంటి యంత్రాలు థియేటర్లలో స్థిరపడుతూ వచ్చాయి.

ఈ కథలో మనవాళ్ల ఇంటిపేరూ ఒకటి వినిపిస్తుంది. క్యాప్నోగ్రఫీ నేర్చుకోవాలనుకునే వైద్యవిద్యార్థి ఏ దేశంలో ఉన్నా ఏదో ఒక రోజు చదివే పాఠాలు డాక్టర్ భవానీ శంకర్ కొడాలివి. బోస్టన్ లో హార్వర్డ్ అనుబంధ బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసిన మత్తు వైద్యుడాయన. 1992లో కెనడా అనస్తీషియా పత్రికలో మిత్రులతో కలిసి ఈ గీతల మీద సుదీర్ఘ వ్యాసం రాశారు. 2013లో మరోటి. ఆ రెండోదాని విషయం ఆపరేషన్ థియేటరు బయట ఈ పరికరం వాడకం. ఈ ‘బయట’ అన్న మాటలోనే అసలు సంగతంతా ఉంది.

ఎందుకంటే గీత థియేటర్లో ఉంది కానీ, దాని అవసరం మరీ ఎక్కువున్న ఐసీయూలో చాలాచోట్ల లేదు. 2011లో బ్రిటన్ లో వెలువడిన ఓ జాతీయ నివేదిక ఈ లోటును బయటపెట్టింది. ఏడాదిపాటు దేశం మొత్తమ్మీద శ్వాసమార్గం దగ్గర జరిగిన తీవ్రమైన ప్రమాదాలను పోగుచేస్తే 184 తేలాయి. అందులో ఐసీయూవి 36. సంఖ్య తక్కువే, కానీ నష్టం ఎక్కువ. ఆ 36లో 60 శాతం పైగా చావుతోనో, మెదడు దెబ్బతినడంతోనో ముగిశాయి. ఐసీయూ మరణాల్లో 70 శాతానికి పైగా, గీత చూసే ఏర్పాటు లేకపోవడమో వాడకపోవడమో ఒక కారణం కావచ్చని నిపుణులు తేల్చారు. బ్రిటన్ సంగతే ఇది!

ఏడు ఊపిర్లు

గుడివాడకు వద్దాం. కౌలురైతు గొంతులోకి గొట్టం వెళ్లింది. బ్యాగు నొక్కారు. తెరమీద గీత లేచింది. డ్యూటీ డాక్టరు ‘హమ్మయ్య’ అన్నాడు. రెండో ఊపిరికి కాస్త పొట్టిగా లేచింది. మూడోది ఇంకా పొట్టి. అయిదో ఊపిరికి గీత దాదాపు చదును.

ఏం జరిగింది? కూల్ డ్రింకు. సీసా మూత తీస్తే బుసబుసమని పొంగేది కార్బన్ డై ఆక్సైడే. అది కడుపులో ఉంది. గొట్టమూ కడుపులోకే పోయింది. తాగిన గ్యాసు నాలుగైదు ఊపిర్ల దాకా అబద్ధపు గీత గీసి అయిపోయింది. గుంటూరు గోలీసోడా తాగినా జరిగేది ఇదే.

అందుకే ఒక్క గీత చూసి సంబరపడకూడదు. 2022లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు దీనికో లెక్క చెప్పాయి. వరసగా కనీసం ఏడు ఊపిర్లు గీత రావాలి. అది రానురాను కుంచించుకుపోకూడదు. అడుగు కంటే కనీసం 7.5 మిల్లీమీటర్ల ఎత్తుకు లేవాలి. అలా రాకపోతే గొట్టం అన్నవాహికలోనే ఉందనుకోవాలి. తీసేసి మాస్కుతో గాలి పట్టించి మళ్లీ వేయాలి. ‘నా కళ్లతో చూసి వేశాను’ అనే మాట అక్కడ చెల్లదు.

ఇంకో సాకు కూడా తరచూ వినిపిస్తుంది. “గుండె ఆగిపోయింది కదా, అందుకే గీత రావట్లేదు” అని. అది కూడా నిజం కాదు. ఛాతీ నొక్కుతూ ఉంటే కాస్తయినా రక్తం కదులుతుంది, గొట్టం సరైన చోట ఉంటే పొట్టిదైనా గీత వస్తుంది. గీత పూర్తిగా చదునైతే గుండెను అనుమానించేముందు గొట్టాన్ని అనుమానించాలి. చాలాసార్లు గుండె ఆగింది కాబట్టి గీత పోలేదు, గొట్టం తప్పు చోట ఉంది కాబట్టే గుండె ఆగింది. బ్రిటన్ మత్తు డాక్టర్లు దీన్ని ఓ నినాదంగా మార్చుకున్నారు. గీత లేకపోతే గొట్టం తప్పు చోట ఉన్నట్టే!

నినాదం పుట్టాక కూడా 2020లో ఇంగ్లండ్ లో అపెండిక్స్ ఆపరేషన్ కు వచ్చిన ఓ మహిళ ఇలాగే చనిపోయింది. పరికరం ఉంది. తెర ఉంది. గీత లేదని తెర చెబుతూనే ఉంది.

సిస్టర్ చూసింది, కానీ...

యంత్రం చెప్పింది వినడం యంత్రానికి సంబంధించిన విషయం కాదు. మన ఆసుపత్రుల్లో సార్ సారే, సిస్టర్ సిస్టరే. డాక్టరుగారు “పడింది, టేప్ వేయండి” అన్నాక, “సార్, గీత రావట్లేదండీ” అనడానికి ఇరవై రెండేళ్ల నర్సుకు ఎంత గుండె కావాలి! అన్నా, “ఆ మిషను అంతే, సరిగా పనిచెయ్యదు” అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. మిషను పాడై ఉండొచ్చు. కానీ మనిషి బాగున్నాడని ముందు తేల్చుకుని ఆ తర్వాత మిషనును తిట్టాలి. జరిగేది ఎక్కువగా దానికి ఎదురు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2005లో ఇంగ్లండ్ లోనే ఓ చిన్న ఆపరేషన్ కోసం వచ్చిన మహిళకు గొట్టం వేయడం కుదరలేదు. అనుభవమున్న వైద్యులు ప్రయత్నం మీద ప్రయత్నం చేస్తూ పోయారు. మెడ దగ్గర కోసి గాలి ఇవ్వాల్సిన సమయం వచ్చిందని నర్సులకు అర్థమైంది. ఆ సామగ్రీ తెచ్చారు. గట్టిగా చెప్పలేకపోయారు. ఆమె భర్త మార్టిన్ బ్రోమిలీ విమాన పైలట్. కాక్ పిట్ లో కో-పైలట్ కు కెప్టెన్ని ఆపే హక్కుంటుంది, ఆపడం అతని డ్యూటీ. ఆసుపత్రిలో ఎందుకుండకూడదని ఆయన అడిగాడు. ఎవర్నీ శిక్షించమని అడగలేదు. ఆ ప్రశ్న పట్టుకునే 2007లో వైద్యుల్నీ భద్రతా నిపుణుల్నీ ఒకచోట చేర్చి సంస్థ పెట్టాడు.

కొన్ని చోట్ల ఇప్పుడో పద్ధతి పాటిస్తున్నారు. గొట్టం వేసినవాళ్లూ, పక్కన సాయం చేసేవాళ్లూ ఇద్దరూ తెర చూసి, గీత వస్తోందని పైకి అంటారు. ఇద్దరి నోటా ఆ మాట వచ్చాకే టేప్. పెళ్లిలో లగ్నం గడియ దాటలేదుగా అని ఇద్దరు పెద్దలు గడియారం చూసుకున్నట్టు. ఇందులో ఎవరి పరువూ పోదు.

బెజవాడ రోడ్డు మీద

రెండోసారి వేసినప్పుడు ఏడు గట్లూ సమానంగా లేచాయి. రైతుకు గొట్టం సరైన దారిలో పడింది. ఇక్కడితో అయిపోయిందా? లేదు. సరైన దారిలో ఎంత దూరం పోయిందన్నది రెండో ప్రశ్న.

గొట్టం మీద సెంటీమీటర్ల గీతలుంటాయి, టైలరు టేపులాగా. మగవాళ్లకు సుమారు 23, ఆడవాళ్లకు 21 అంకె పళ్ల దగ్గర కనిపించాలి. అంతకంటే లోపలికి పోతే గొట్టం కుడి ఊపిరితిత్తి కొమ్మలోకి జారుతుంది. ఎడమవైపు వంపు ఎక్కువ, కుడివైపు దాదాపు తిన్నగా ఉంటుంది కాబట్టి ఎక్కువగా కుడివైపే. అప్పుడు ఎడమ ఊపిరితిత్తికి గాలి అందదు. చిత్రమేమంటే తెరమీద గీత మాత్రం చక్కగా వస్తూనే ఉంటుంది! ఈ సంగతి కనిపెట్టడానికి మళ్లీ స్టెతస్కోపే కావాలి, ఎక్స్-రేనే కావాలి. ఇందాక పనికిరావన్నవి ఇక్కడ పనికొస్తాయి. ఏ సాక్షి ఏ విషయానికి సాక్షో తెలిసుండాలి, అంతే.

గుడివాడలో వెంటిలేటర్ ఖాళీ లేదు. బెజవాడ తీసుకెళ్లమన్నారు. నలభై కిలోమీటర్ల పైమాట. స్ట్రెచర్ మీదకు ఎత్తుతారు, దించుతారు, వ్యానులో ఎక్కిస్తారు. ఈ ఎత్తడం దించడంలో తల వంగితే గొట్టం కొస దాదాపు రెండు సెంటీమీటర్లు లోపలికి పోతుంది. తల వెనక్కి వాలితే అంతే దూరం పైకొస్తుంది. పెద్దవాళ్ల శ్వాసనాళం పొడవే పది పన్నెండు సెంటీమీటర్లు. చంటిపిల్లలకైతే అందులో సగం కూడా ఉండదు. చొంగకు ప్లాస్టర్ తడిసి ఊడుతుంది. స్పీడు బ్రేకరు దగ్గర ఒక్క కుదుపు చాలు. అందుకే మనిషిని కదిపిన ప్రతిసారీ... మంచం మార్చినా, పక్కకు తిప్పినా, ఎక్స్-రే పలక వీపు కింద పెట్టినా... మళ్లీ అంకె, మళ్లీ చప్పుడు, మళ్లీ గీత. వంటగదిలో గ్యాసు కట్టేశామా లేదా అని వెనక్కొచ్చి చూసుకునే ఇల్లాలిని చాదస్తం అంటాం. ఐసీయూలో ఆ చాదస్తమే కావాలి.

అన్నీ వినపడుతున్నాయి

వెంటిలేటర్ మీద కట్లపాము కేసు చూస్తే ఎవరికైనా ఆశ పోతుంది. వేలు కదలదు, రెప్ప లేవదు. చిటికేసినా గిల్లినా ఉలుకూ పలుకూ ఉండదు. టార్చి వేస్తే కంటిపాప కూడా కదలకపోవచ్చు, దాన్ని కదిపేదీ కండరమే కదా. తెలియనివాళ్లు మెదడు చచ్చిపోయిందనుకుంటారు. అలా అనుకుని చేతులెత్తేయవద్దని వైద్యగ్రంథాలు ప్రత్యేకంగా హెచ్చరిస్తాయి.

మెదడు చావలేదు. మత్తు సరిపడా ఇవ్వకపోతే ఆయనకన్నీ వినపడుతుంటాయి. మంచం దగ్గర నిలబడి “ఇంకేముందమ్మా, తీసుకుపోదాం” అని పెద్దాయన అనడం వినపడుతుంది. నొప్పీ తెలుస్తుంది. ఏదీ చెప్పలేడు. గొట్టం జారిపోయినా చెయ్యెత్తి చూపలేడు, పెనుగులాడలేడు. మామూలు రోగి గొట్టం పక్కకు పోతే కొట్టుకుంటాడు, కనీసం దగ్గుతాడు. ఈయన తరఫున మాట్లాడేది ఆ తెరమీది గీత ఒక్కటే.

ఒకప్పుడు గీత కాదు కదా, వెంటిలేటరే లేదు. 1952లో కోపెన్ హాగెన్ లో పోలియో విరుచుకుపడ్డప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, చేత్తో బ్యాగు నొక్కి గాలి పంపవచ్చని చూపించాడు. సుమారు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు బ్యాగులు నొక్కారు. ఐసీయూ అన్న ఆలోచన పుట్టింది అక్కడే. మనకిది పాతకథేం కాదు. యంత్రం దొరక్క తమ్ముడో, బావమరిదో, కొడుకో మంచం పక్కన కూర్చుని గంటలకొద్దీ ఆంబూ బ్యాగు నొక్కిన సందర్భాలు మన పెద్దాసుపత్రులు చూశాయి. చేతులు నొప్పి పుట్టినా ఆపరు. కానీ వాళ్లు నొక్కుతున్న గాలి ఎటు పోతోందో వాళ్లకెవరు చెప్పాలి?

మన దేశంలో శ్వాసమార్గ నిపుణుల సంఘం 2016లోనే ఐసీయూల కోసం మార్గదర్శకాలు తెచ్చింది. గొట్టం వేశాక గీత చూసి నిర్ధారించుకోమంది. 2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. దివిసీమకు బెజవాడ కంటే అది దగ్గర. గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ లాంటి చోట్ల నాలుగు పడకల గదికి అద్దాల తలుపు పెట్టి ఐసీయూ అని బోర్డు రాయించడం తేలిక. ఆ నాలుగు పడకల దగ్గరా గీత చూపే తెర ఉందా అన్నది బోర్డు మీద రాసి ఉండదు. లోపలికెళ్లే బంధువు అడగొచ్చు. “సార్, గీత వస్తోందాండీ?” అంటే మంచి డాక్టరు కోప్పడడు. ఇటు తిరిగి చూపిస్తాడు.

తెర లేనిచోట కూడా ఓ దారుంది. గొట్టానికీ బ్యాగుకూ మధ్య బిగించే అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బీ. కరెంటు అక్కర్లేదు. లోపల ఓ కాగితం ఉంటుంది. మొదట వంగపండు రంగు. కార్బన్ డై ఆక్సైడ్ తగిలితే పసుపు. గాలి లోపలికి నొక్కినప్పుడు మళ్లీ వంగపండు, వదిలినప్పుడు మళ్లీ పసుపు. పసుపంటే శుభమని తెలుగువాళ్లకు వేరే చెప్పాలా! గీత ఇచ్చినంత సమాచారం ఇది ఇవ్వదు. వాంతిగానీ మందుగానీ పడి తడిస్తే తప్పు చెబుతుంది. కూల్ డ్రింకు దీన్నీ మోసగించగలదు కాబట్టి దీనికీ ఏడు ఊపిర్లు ఆగాల్సిందే. ఒకసారి విప్పితే పనిచేసేది కొంతకాలమే. బెజవాడ చేరడానికి ఆ మాత్రం సరిపోతుంది.